రైతు ఇంట్లో బాస్మతి వండితే తప్పేటి?

ఈ రోజు ఎరువుల గురించో, చెరకు గురించో రాయడం లేదు. అన్నం గురించి రాస్తున్నాను. కొంచెం పెద్దగానే ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

మొన్న శనివారం చోడవరం వెళ్ళి, పని చూసుకుని, వస్తూ వస్తూ రెండు కేజీల బాస్మతి బియ్యం కొన్నాను. కేజీ 120 రూపాయలు. ఊళ్ళోకొచ్చి టీ కొట్టు దగ్గర బండి ఆపాను. సంచి బండికి వేలాడుతోంది. నాకు వరసకి మావయ్య అయ్యే పెద్దాయన ఒకాయన అది చూశాడు. "ఏరా అల్లుడూ, ఎకరంన్నర వరి ఊడ్చినోడివి, బియ్యం కొనుక్కుంటున్నావా? అదీ బాస్మతా? నవాబువైపోయావేటి?" అన్నాడు. అక్కడున్న పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను. టీ తాగి ఇంటికొచ్చీసాను.

నవ్వొచ్చాను గాని మాట మాత్రం లోపల గుచ్చుకుంది. ఎందుకంటే ఆ మాట ఆయనొక్కడిది కాదు. మన ఊళ్ళో అందరి మనసులో ఉన్నదే. మూడు మాటలుగా ఉంటుంది అది. ఒకటి, ధాన్యం పండించేవాడు బియ్యం కొనడం సిగ్గు. రెండు, బాస్మతి మన పంట కాదు, మనకెందుకు. మూడు, అది పెళ్ళిళ్ళకీ హోటళ్ళకీ గాని ఇంట్లో వండుకునేది కాదు, మనోళ్ళకి వండడం కూడా రాదు. ఈ మూడింటికీ జవాబు చెప్తాను. మావయ్యా, మీరూ చదవండి. కోపం తెచ్చుకోకండి.

మొదటిది సిగ్గు మాట.

నిజం మాట్లాడుకుందాం. మనం పండించిన బియ్యం మనలో ఎంతమంది తింటున్నాం? కల్లంలో ధాన్యం తూకం అయిపోగానే బస్తాలు వెళ్ళిపోతాయి. అప్పులోడు గుమ్మంలో ఉంటాడు, ఆపలేం. ఇంటికని నాలుగు బస్తాలు ఉంచుకుంటే, అవీ కొంత సంక్రాంతి ఖర్చులకి పోతాయి. తర్వాత రేషన్ బియ్యం వండుకుంటాం. మర పట్టించినప్పుడు వచ్చిన నూకలు ఉప్మాకీ, జావకీ దాచుకుంటాం. సన్నబియ్యం టౌను వాళ్ళకి, నూకలు మనకి. ఇది మన తాతల నాటి నుంచీ ఉన్న పద్ధతే. దీనికి ఎవడూ సిగ్గు పడలేదు. రెండు కేజీల మంచి బియ్యం కొంటే మాత్రం సిగ్గు వచ్చేసింది!

లెక్క చూడండి. 2025-26కి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర సాధారణ రకం ధాన్యానికి క్వింటాకి 2369 రూపాయలు. 75 కేజీల బస్తా అయితే సుమారు 1777 రూపాయలు. క్వింటా ధాన్యం ఆడిస్తే సర్కారు లెక్కన 67 కేజీల బియ్యం. అంటే మన చేతిలోంచి వెళ్ళిన ధాన్యం ధరని బియ్యం మీద వేసుకుంటే కేజీ 35 రూపాయల పైచిలుకు. అదీ మద్దతు ధర నిండుగా వస్తేనే. బాస్మతి కేజీ 120. కాబట్టి ఇది మనకి ఖరీదైనదే, నేను కాదనను. కాని నేను నెలకి కొనేది రెండు కేజీలు. ఆదివారం ఆదివారం అర కేజీ. ఇంట్లో నలుగురం, మా అమ్మతో కలిపి. ఒక ఆదివారానికి 60 రూపాయలు. ఆ టీ కొట్టు దగ్గర నన్ను చూసి నవ్విన వాళ్ళు రోజుకి రెండు టీలు తాగినా వారానికి అంతకంటే ఎక్కువే అవుతుంది. టీ తాగొద్దనడం లేదు. నేనూ తాగుతాను. మన నోటికి మనం పెట్టే ఖర్చులో దేన్ని చూసి నవ్వుతున్నామో ఒకసారి ఆలోచించమంటున్నాను.

రెండోది, మన పంట కాదన్న మాట.

నిజమే, మన పంట కాదు. బాస్మతి పేరు హిమాలయాల దిగువ నేలలది. 2016లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంజాబ్, హర్యానా, ఢిల్లీ, హిమాచల్, ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాలు, జమ్మూలో కొంత భాగం. ఇక్కడ పండినదాన్నే మన దేశంలో బాస్మతి అని అమ్మాలి. సరిహద్దు అవతల పాకిస్తాన్ పంజాబులోనూ అదే పంట. ఆ విత్తనం తెచ్చి మన పల్లం భూముల్లో చల్లినా మొక్క మొలుస్తుంది, కాని ఆ సువాసన రాదు. గింజ పాలు పోసుకుని గట్టిపడే రోజుల్లో రాత్రులు చల్లగా ఉండాలి. ఎండ వేడి ఎక్కువైతే వాసన తగ్గిపోతుంది. నేల గొప్పతనం నేలదే. మన అనకాపల్లి బెల్లం రుచి ఇంకోచోట రాదని మనం చెప్పుకోవడం లేదా? మాడుగుల హల్వా మాడుగులలోనే తినాలని అనడం లేదా? వాళ్ళదీ అంతే.

మరి మన బెల్లం ఊరు దాటి, రాష్ట్రం దాటి వెళ్తే మనకి ఆనందం. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఎన్నో రాష్ట్రాల వాళ్ళు తింటుంటే మనకి గర్వం. 1982లో మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ బెంగాల్, ఒడిశాల్లో లక్షల ఎకరాలు వేస్తే అది మనోళ్ళ ఘనత. వాళ్ళ పంట మన ఇంటికొస్తే మాత్రం నవాబీయా? బాస్మతి పండించినోడూ మనలాగే బురదలో దిగినోడే. ఇంకో మాట. మద్దతు ధర ప్రకటించేది సాధారణ రకానికీ, ఏ గ్రేడు రకానికీ మాత్రమే. బాస్మతికి మద్దతు ధర లేదు. మార్కెట్టు ఎంతిస్తే అంత. 2023-24లో మన దేశం 52 లక్షల టన్నులకు పైగా బాస్మతి బయటి దేశాలకి పంపింది. 48 వేల కోట్ల రూపాయల పైన. అంత పెద్ద వ్యాపారం నడుస్తున్నా ఆ రైతు కోత నాడు ధర కోసం మండీలో మనలాగే నిలబడతాడు. వాడి కష్టాన్ని అరబ్బు దేశాల వాళ్ళు తినొచ్చు, బుచ్చయ్యపేట రైతు తినకూడదా?

మూడోది అసలైన మాట. ఇది ఇంట్లో వండుకునేది కాదు, పందిట్లో వడ్డించేది అని.

ఇక్కడే నాకు నా మీద నాకే కోపం. ఎనిమిదేళ్ళ కిందట మా అమ్మాయి పెళ్ళి చేశాను. పెళ్ళికొడుకు వాళ్ళ తరఫు వాళ్ళు వస్తారు, మాట రాకూడదని 25 కేజీల బాస్మతి బస్తాలు నాలుగు దింపాను. వంద కేజీలు. డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఆ రోజు ఒక్కడు కూడా నా దగ్గరకొచ్చి బియ్యం వాసన బాగుందని అనలేదు. అనడానికి వాసన ఉంటే కదా. మసాలా, రంగు, నూనె దట్టించి డేక్సాల్లో ఉడికించాం. జనం రెండు ముద్దలు తిని మిగతాది వదిలేశారు. మర్నాడు పొద్దున్న పందిరి వెనకాల ఎంగిలాకుల గుట్ట చూశాను. పొడుగ్గా, తెల్లగా, మెతుకు మెతుకు కనబడుతోంది. కుక్కలు కూడా తినలేక వదిలేసినట్టున్నాయి.

ఇంకో సంగతి ఆ రోజు నాకు తెలీలేదు. తర్వాత తెలిసింది. మా ఆవిడ ఆ రోజంతా వడ్డన చూసుకుంటూ, చుట్టాల్ని పలకరిస్తూ, సాయంత్రం నాలుగు గంటలకి కూర్చుంది. అప్పటికి డేక్సా అడుగున చల్లారిపోయిన ముద్ద మిగిలింది. అది పక్కన పెట్టేసి మజ్జిగన్నం తింది. ముప్ఫై ఏళ్ళుగా నాతో పాటు ఊడుపులు ఊడ్చిన మనిషి. జ్యేష్ఠంలో ఆకుమడి దగ్గర నుంచి కుప్పలు నూర్చేదాకా ప్రతి పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. లక్షల మెతుకులు ఆవిడ చేతి మీదుగా వెళ్ళాయి. మంచి వాసనొచ్చే అన్నం వేడివేడిగా తన ఇంట్లో తను కూర్చుని తిన్నది ఒక్కసారీ లేదు. మా అమ్మాయి మొన్న పండక్కి వచ్చినప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పింది. అందుకే ఆ రెండు కేజీలు కొన్నాను మావయ్యా. నవాబునై కాదు.

పందిట్లో బస్తాలు బస్తాలు పారబోస్తే అది మర్యాద. ఇంటి ఇల్లాలు అర కేజీ వండుకు తింటే అది దుబారా. ఈ లెక్క ఎవరు పెట్టారు? నేనంటాను, దీన్ని తిరగెయ్యాలి. పెళ్ళికి మన సన్నబియ్యం అన్నం, పప్పు, పులిహోర పెట్టండి. ఎవరి పరువూ పోదు. వాసన బియ్యం ఇంట్లో, నలుగురు కూర్చున్న చోట, వాసన తెలిసేలా వండుకోండి.

ఇక వండడం రాదు అన్న మాట. దీనికైతే నాకు నవ్వొస్తుంది. బాస్మతికి కావలసిన వంట మన అమ్మలదే. గంజి వార్చడం. కుక్కర్లు వచ్చి మనం మర్చిపోయాం గాని, పెద్ద తపేలాలో ఎసరు మరగబెట్టి, బియ్యం పోసి, మెతుకు పట్టి చూసి, గంజి వార్చడం మన ఊళ్ళో ఏ ముసలమ్మకి రాదు? ఆదివారం మా ఇంట్లో వండించింది మా అమ్మే. డెబ్భై ఎనిమిదేళ్ళు ఆవిడకి. పీట మీద కూర్చుని చెప్తుంటే మా ఆవిడ వండింది. ఎలా వండారో రాస్తాను, మీరూ వండుకోండి.

అర కేజీ బియ్యం మూడు నీళ్ళు పోసి మెల్లగా కడగాలి. మన బియ్యంలాగ రుద్దితే గింజ విరిగిపోతుంది. తర్వాత అర గంట నానబెట్టాలి. నానితే గింజ లోపలిదాకా నీరు పట్టి, ఉడికేటప్పుడు విరక్కుండా పొడుగ్గా సాగుతుంది. పెద్ద గిన్నెలో నీళ్ళు ఎక్కువగా, బియ్యానికి ఐదారింతలు పెట్టి ఉప్పు వేసి బాగా మరగనివ్వాలి. కావాలంటే రెండు యాలకులు. అంతకు మించి ఏమీ వద్దు. నానిన బియ్యం నీళ్ళు వంపేసి ఎసట్లో వెయ్యాలి. మళ్ళీ పొంగు వచ్చిన దగ్గర నుంచి ఐదారు నిమిషాలు చాలు. ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలిగి, మధ్యలో చిన్న తెల్ల చుక్క మిగలాలి. అదే అదను. వెంటనే గంజి వార్చెయ్యాలి. మళ్ళీ గిన్నెలో వేసి, చెంచా నెయ్యి పైన వేసి, మూత పెట్టి, సన్న సెగ మీద ఐదు నిమిషాలు. దించేసి పది నిమిషాలు మూత తియ్యొద్దు. గరిట పెట్టి కలపొద్దు. అట్లకాడతో పక్క నుంచి మెల్లగా విడదియ్యాలి.

గంజి పారబొయ్యొద్దు. ఉప్పు, మజ్జిగ కలిపి తాగొచ్చు. లేదంటే ఆవు కుడితిలో పొయ్యండి.

వార్చే ఓపిక లేకపోతే నానిన బియ్యం గ్లాసుకి గ్లాసున్నర నీళ్ళు పోసి, మూత పెట్టి, సన్న సెగన ఇగరబెట్టుకోవచ్చు. మన బియ్యానికి పోసినట్టు రెండు, రెండున్నర గ్లాసులు పోస్తే సంగటి అవుతుంది. చాలామంది బాస్మతి మెత్తగా అయిపోయిందని తిట్టేది ఇందుకే. తప్పు బియ్యానిది కాదు, నీళ్ళది.

ఇంకోటి. మొదటిసారి బిర్యానీ చెయ్యకండి. తెల్లన్నమే వండుకోండి. కందిపప్పు, నెయ్యి, పక్కన ఆవకాయ. లేదా నాటుకోడి పులుసు. మసాలా అంతా కూరలో ఉండనివ్వండి, అన్నంలో కాదు. అప్పుడు తెలుస్తుంది ఆ వాసన ఏటో. అలాగని అన్నిటికీ ఇది పనికొస్తుందని నేను చెప్పను. పెరుగన్నానికి మెతుకు మెత్తగా ఉండాలి, మన సాంబే బాగుంటుంది. చద్దన్నానికి స్వర్ణ అన్నం ముందు ఇది దిగదుడుపే. దేని చోటు దానిది.

కొనేటప్పుడు జాగ్రత్త. సంచి విప్పగానే అత్తరులాగ గుప్పుమని, కడిగితే పోయే వాసన అయితే అనుమానించండి. నిజమైన బియ్యం పచ్చిగా ఉన్నప్పుడు మంద్రంగా ఉండి, ఉడికేటప్పుడు ఇల్లంతా కమ్ముతుంది. 2023 ఆగస్టు 1 నుంచి కేంద్ర ఆహార భద్రత సంస్థ రూలు అమల్లో ఉంది. బాస్మతికి సహజమైన వాసనే ఉండాలి, కృత్రిమ సెంటు గాని రంగు గాని కలపకూడదు. ఏడాది పైన నిల్వ చేసిన పాత బియ్యం అయితే పొడిపొడిగా వస్తుంది. మన పెద్దోళ్ళు కొత్త బియ్యం ముద్దవుద్దని పాత బియ్యం దాచుకునే వాళ్ళు కదా, అదే సూత్రం. ముక్క బాస్మతి చవగ్గా దొరుకుతుంది. వాసన అదే, పొడుగు ఉండదు. ఇంటికి అదైనా చాలు.

ఇప్పుడు మావయ్య మాటలో ఉన్న నిజం ఒకటి ఒప్పుకుంటాను. రైతు కొనుక్కోవడం ఏటని ఆయన అడిగిన దాంట్లో, మన సొంత వాసన బియ్యం ఏమయ్యాయి అన్న ప్రశ్న కూడా ఉంది. దానికి జవాబు సిగ్గుతోనే చెప్పాలి. చిట్టిముత్యాలు మన తెలుగోళ్ళవి. గింజ చిన్నది, పొడుగు ఉండదు, కాని ఆ వాసనకి తిరుగులేదు. దిగుబడి తక్కువని, ఎత్తుగా పెరిగి పడిపోద్దని, పంట కాలం ఎక్కువని మనం వదిలేశాం. పక్కోళ్ళు వదల్లేదు. తమిళనాడులో దిండిగల్, ఆంబూరు బిర్యానీలు జీరగ సాంబ బియ్యంతోనే చేస్తారు. కేరళలో తలశ్శేరి బిర్యానీకి వాళ్ళ చిన్న గింజ బియ్యమే. బెంగాలీలు పాయసానికి గోవిందభోగ్ తప్ప వేరేది వాడరు. పాడేరు కొండలు దాటితే ఉన్న కోరాపుట్ వాళ్ళు తమ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు.

బాస్మతిదీ ఊరికే వచ్చిన పేరు కాదు. 1997లో అమెరికాలో రైస్‌టెక్ అనే కంపెనీ బాస్మతి రకాల మీద పేటెంటు సంపాదించింది. మన దేశం వెళ్ళి సవాలు చేసింది. చివరికి ఆ కంపెనీ చాలా హక్కులు వదులుకుంది. పేరు కోసం దేశం పోరాడింది కాబట్టి పేరు నిలబడింది. మన చిట్టిముత్యాలు మన చేతుల్లోంచి జారిపోతుంటే పోరాడ్డానికి ఎవరూ రానక్కర్లేదు. పది సెంట్లు చాలు.

అందుకని నేను అనుకున్నది ఇది. వచ్చే ఖరీఫ్‌లో పై మడిలో పది సెంట్లు చిట్టిముత్యాలు ఊడుస్తాను. అమ్మకానికి కాదు, ఇంటికి. యూరియా జోలికి వెళ్ళకుండా, పశువుల గత్తంతో. ఎక్కువ బలం ఇస్తే పడిపోద్ది కాబట్టి. అవి పండాక బాస్మతి మానేస్తానా అంటే, మాననేమో. పొడుగు మెతుకు సంగతి వేరు, ముత్యం సంగతి వేరు. కాని మన వాసన మన గాదెలో కూడా ఉండాలి. పది ఇళ్ళ వాళ్ళు తలా పది సెంట్లు వేస్తే విత్తనం ఊళ్ళోనే మిగులుతుంది. ఎవరికైనా మన చుట్టుపక్కల నికార్సైన విత్తనం ఉన్న ఇల్లు తెలిస్తే చెప్పండి, నేనే వచ్చి తెచ్చుకుంటాను.

ఆదివారం సంగతి చెప్పి ముగిస్తాను. మూత తియ్యగానే మా ఆవిడ ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయింది. తర్వాత అలవాటుగా నాకు ముందు వడ్డించబోయింది. వద్దు, నువ్వు కూర్చో అన్నాను. నలుగురం ఒకేసారి కూర్చున్నాం. నెయ్యి వేసుకుని ఒక ముద్ద తిని, "బావుంది గాని పప్పులో ఉప్పు తగ్గింది" అంది. అంతే అంది. రెండోసారి తనే వడ్డించుకుంది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ రెండోసారి అన్నం పెట్టుకోవడం నేను చూడలేదు. చూడలేదో, లేక నేను తిని లేచి వెళ్ళిపోతే తర్వాత తినేదో, అది కూడా నాకు తెలీదు. అదీ మన సంగతి.

మావయ్యా, వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి. అత్తని కూడా తీసుకురండి. అత్తకి ముందు వడ్డిస్తాం. తిన్నాక మీరు ఏమన్నా పడతాను.

మిగతా వాళ్ళు కూడా ఒక్క ఆదివారం వండి చూడండి. మీ ఇంట్లో ఊడుపులు ఊడ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టండి.

జై కిసాన్.